పాత ఆటో బ్రేకుల పని: విప్పింది మొదలు రోడ్డెక్కేదాకా

బండి బజాజ్ ఆర్‌ఈ, ఫోర్ స్ట్రోక్, ఎల్‌పీజీ. పని జరుగుతున్నది బెంగళూరులో, కె.ఆర్.పురం వైపు ఒక షెడ్డులో. ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్ పరీక్షకి) ఇంకా నెల గడువుంది. మూడు చక్రాలకూ హైడ్రాలిక్ డ్రమ్ము బ్రేకులే: పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండరు ఫ్లూయిడ్‌ని పైపుల్లోంచి నెడుతుంది, చక్రం దగ్గరి వీల్ సిలిండరు షూలను లోపలి నుంచి డ్రమ్ముకి ఆనిస్తుంది. మొదటి తొక్కుకి పెడల్ దాదాపు నేల దాకా పోతోంది, రెండో తొక్కుకి కాస్త పైకొస్తోంది. గట్టిగా తొక్కితే బండి ఎడమకు లాగుతోంది. లోడుతో దిగుడు దిగాక పెడల్ స్పాంజిలా మెత్తబడుతోంది.

1వ రోజు: ఏమీ విప్పకుండానే

పెడల్ దిగుతోందనగానే మాస్టర్ సిలిండరు మార్చేయమని చెప్పేస్తారు. ఈ బండికీ ఆ సలహా మూడు చోట్ల వచ్చింది. అది సగం నిజం, మిగతా సగమే ఖర్చు పెట్టిస్తుంది. పెడల్ దిగడంలో రకాలున్నాయి. మొదటి తొక్కుకి దిగి రెండో తొక్కుకి పైకొస్తే షూకీ డ్రమ్ముకీ మధ్య సందు ఎక్కువైందని అర్థం. ఎన్నిసార్లు తొక్కినా మెత్తగానే ఉంటే లైన్లో గాలి, లేకపోతే ఉబ్బే హోజు. కాలు అలాగే అదిమి పెట్టినప్పుడు మెల్లగా కిందికి జారుతూ పోతే మాస్టర్ లోపలి కప్పు (పిస్టన్ దగ్గర సీలు చేసే రబ్బరు) దాటి ఫ్లూయిడ్ జారుతోందన్నమాట, లేదా ఎక్కడో బయటికి కారుతోంది. పెడల్ రాయిలా ఉండి బండి మాత్రం ఆగకపోతే ఫ్లూయిడ్‌ని అనుమానించాల్సిన పని లేదు. లైనింగ్ (షూ మీద డ్రమ్ముకి రాసుకునే పొర) గాజులా మెరుస్తుంటుంది, లేదా దానికి గ్రీజు అంటి ఉంటుంది.

ఈ బండిలో మొదటి మూడూ కలిసే ఉన్నాయి. అందుకే విడదీసి చూడాల్సి వచ్చింది. చక్రాలకి ఫ్లూయిడ్ పోకుండా మూడు రబ్బరు హోజులకూ క్లాంపులు బిగించి, పెడల్ పక్కన స్టీలు స్కేలు నిలబెట్టి కొలిచాం. క్లాంపు మూతి గుండ్రంగా ఉండాలి. వైస్ గ్రిప్పుతో నేరుగా పడితే హోజు లోపలి పొర తెగుతుంది, అది ఆ రోజు బయటపడదు, నెల తర్వాత పడుతుంది.

క్లాంపులు లేకుండా మొదటి తొక్కుకి 95 మి.మీ. దిగింది. మూడూ బిగిస్తే 25. ముందు చక్రానిది ఒక్కటే వదిలితే 32. అది మళ్లీ బిగించి వెనక కుడిది వదిలితే 48. వెనక ఎడమది ఒక్కటే వదిలితే 65. అంటే 25 మీద ముందుది 7, వెనక కుడిది 23, వెనక ఎడమది 40 తింటున్నాయి. మూడూ కలిపితే 95కి సరిగ్గా సరిపోయింది. లెక్క ఇలా కుదిరితే కొలతలో తప్పు లేదని ధైర్యం.

ఇక మాస్టర్ సంగతి. మూడు క్లాంపులూ బిగించి ఉండగా కాలు అదిమిపెట్టి ఒక నిమిషం చూశాం. పెడల్ 25 దగ్గర మొదలై 38కి జారింది. పైపుల మీద ఎక్కడా తడి లేదు. కాబట్టి మాస్టర్ లోపల కప్పు దాటుతోంది. మాస్టర్‌కి రిపేరు తప్పదు. కానీ అదొక్కటే మార్చి పంపేసి ఉంటే 95లో పెద్ద తేడా వచ్చేది కాదు. పైగా కొత్త మాస్టర్ పూర్తి ప్రెషరు ఇచ్చేసరికి, వెనక సిలిండర్లలో అప్పటిదాకా ఎలాగో నెట్టుకొచ్చిన పాత కప్పులు కారడం మొదలుపెడతాయి.

సాయంత్రం బ్లీడింగ్ నిప్పళ్లు (లైన్లోంచి గాలి తీసే మరలు) మూడింటికీ తుప్పు వదిలించే నూనె పెట్టి వదిలేశాం. అది ఒక రాత్రి నానాలి. నానకుండా 8 మి.మీ. ఓపెన్ స్పానర్ వేస్తే తల గుండ్రమవుతుంది, ఆ తర్వాత తెగుతుంది, దాంతో సిలిండరే స్క్రాపు.

2వ రోజు: చక్రాలు, డ్రమ్ములు

రిమ్ము రెండు సగాలుగా వచ్చేది. నట్లు రెండు వరసలుంటాయి: ఒక వరస రిమ్మును హబ్బుకు పట్టేది, రెండోది రెండు సగాలనూ కలిపి పట్టేది. టైరులో గాలి ఉండగా రెండో వరస ముట్టుకోకూడదు. గాలి ఒత్తిడికి సగం రిమ్ము ఎగిరి మొహానికి తగులుతుంది. అనుమానం ఉంటే ముందు వాల్వు పిన్ను తీసేయడమే మేలు.

బండిని జాకీతో లేపి స్టాండ్ల మీద కూర్చోబెట్టాం. జాకీ మీదే ఉంచి హబ్బు నట్టు కొట్టకూడదు. స్ప్లిట్ పిన్ లాగేసి, చక్రం నేల మీద ఉండగానే నడి నట్టు వదులు చేసి, తర్వాత లేపితే పని సులువు. డ్రమ్ము రాకపోతే సుత్తి తీసుకోకముందు అడ్జస్టర్‌ని (షూకీ డ్రమ్ముకీ మధ్య సందు సర్దేదాన్ని) పూర్తిగా వెనక్కి తిప్పాలి. డ్రమ్ము లోపలి అంచున అరగని పెదవి ఒకటి మిగిలిపోతుంది, షూలు దానికి తగులుకుని డ్రమ్మును రానివ్వవు. ఎడమది పుల్లరుకి లొంగింది. కుడిది పుల్లరు బిగించి ఒక రాత్రి వదిలేస్తే పొద్దున తనే వదిలింది.

లోపలి దుమ్మును కంప్రెసరు గాలితో కొట్టడం షెడ్లలో మామూలే, కానీ చేయకూడని పని. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. ఒక స్ప్రే సీసాలో నీళ్లు, నాలుగు చుక్కల సబ్బు వేసి తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవరులో కట్టి పారేశాం.

వెనక ఎడమ: లైనింగు రివిట్టు తల మీద 1 మి.మీ. కూడా మిగల్లేదు. ముందు షూ వెనక షూ కన్నా బాగా అరిగింది. అది సహజమే. చక్రం తిరిగే దిక్కులో ఉన్న షూను డ్రమ్ము తనంతట తనే లోపలికి లాక్కుంటుంది, కాబట్టి పనిలో ఎక్కువ భాగం దానిదే. వెనక కుడి: లైనింగు మందంగానే ఉంది, కానీ నల్లగా, జిడ్డుగా ఉంది. హబ్బు ఆయిల్ సీలు పెదవి గట్టిపడి గ్రీజు డ్రమ్ములోకి వచ్చేస్తోంది. బండి ఎడమకు లాగడానికి కారణం ఇదే. ఎడమ చక్రం ఎక్కువ పట్టడం లేదు, కుడిదే పట్టడం లేదు. జిడ్డు పట్టిన లైనింగుని పెట్రోలుతో కడిగి, ఎమరీ పేపరుతో రుద్ది మళ్లీ వేసేవాళ్లున్నారు. వేడెక్కగానే లోపల ఇంకిన గ్రీజు మళ్లీ పైకి ఊరుతుంది. పారేయాల్సిందే, అదీ రెండు వెనక చక్రాలకూ కలిపి ఒకే సెట్టు వేయాలి.

ఇన్‌సైడ్ మైక్రోమీటరుతో ఒక్కో డ్రమ్మునూ మూడు దిక్కుల్లో కొలిచాం. ఎడమ డ్రమ్ములో పెద్ద కొలతకీ చిన్న కొలతకీ 0.35 మి.మీ. తేడా. కుడిది 0.08. పెడల్ కాలి కింద దడదడా కొట్టుకోవడానికి 0.35 చాలు. ఆ వంకర డ్రమ్ముకి షూ దగ్గరగా సర్దితే ఒక చోట రాసుకుంటుంది, మరో చోట అందదు. అందుకే ఎవరో అడ్జస్టర్‌ని బాగా వదులు చేసి పెట్టారు. పెడల్ 40 మి.మీ. తిన్న సంగతి అక్కడ తేలింది.

కలాసిపాళ్యం దగ్గర లేత్‌లో రెండు డ్రమ్ములూ స్కిమ్మింగ్ (లోపలి ముఖాన్ని పలచగా చెక్కి గుండ్రం చేయడం) చేయించాం. వ్యాసంలో 0.6 మి.మీ. పోయింది. కుడిదానికి అంత అవసరం లేకపోయినా రెండూ ఒకే కొలతకి తెచ్చాం, లేకపోతే పట్టులో తేడా వస్తుంది. ఎంత వరకు తీయవచ్చో డ్రమ్ము మీదే పోతపోసి ఉంటుంది. తుప్పు గోకితే కనిపిస్తుంది. ఆ అంకె దాటితే డ్రమ్ము మార్చడం తప్ప దారి లేదు. లేత్ వాళ్లతో ఒక మాట ముందే తేల్చుకోవాలి: డ్రమ్మును దేని మీద ఆనించి పడుతున్నారో. హబ్బు బోరు (నడి రంధ్రం) మీద సెంటర్ చేయాలి. బయటి అంచు పట్టుకుని తిప్పితే గుండ్రంగానే వస్తుంది కానీ ఇరుసుకి సెంటర్ కుదరదు, ఇచ్చిన డబ్బుకి వంకర కొనుక్కున్నట్టు.

3వ రోజు: వీల్ సిలిండర్లు

మూడూ విప్పి కొత్త బ్రేకు ఫ్లూయిడ్‌తోనే కడిగాం. పెట్రోలు, డీజిలు, కిరోసిను తగలకూడదు. ఖనిజ నూనె ఏదైనా ఈ రబ్బరును ఉబ్బించేస్తుంది. గ్రీజు కూడా మామూలుది కాదు, బ్రేకు రబ్బరు కోసం అమ్మే గ్రీజే.

ఎడమ సిలిండరు బోరులో టార్చి వేసి చూస్తే సంగతి అర్థమైంది. పిస్టన్ రోజూ తిరిగే మేర అద్దంలా ఉంది. కప్పు ఆగే చోట, అదీ కింది వైపున, చెంద్రవంకలా గోధుమరంగు మరక. గోరు అడ్డంగా లాగితే గోరు ఆగింది. అంటే అది మరక కాదు, గుంట. బ్రేకు ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. బండి ఎక్కువ రోజులు కదలకుండా నిలబడితే కప్పు ఆగిన చోటే తుప్పు తింటుంది.

హోనింగ్ ఎంతవరకు చేయవచ్చన్నది ఇక్కడ ప్రశ్న. సన్న రాళ్ల హోనుని ఫ్లూయిడ్‌తో తడిపి, డ్రిల్లును నెమ్మదిగా తిప్పుతూ, లోపలికీ బయటికీ ఆపకుండా నడిపిస్తూ పది సెకన్లు. తుడిచి చూడాలి. మరక పోతే సరే. గుంట పోయేదాకా తిప్పుతూ పోతే బోరు పెద్దదవుతుంది. కొలవడానికి సులువైన పద్ధతి: కప్పులు లేకుండా వట్టి పిస్టన్‌ని బోరులో పెట్టి, పక్కన 0.15 మి.మీ. ఫీలర్ గేజ్ పట్టీ దూర్చాలి. దూరితే సిలిండరు పని అయిపోయింది. ఎడమదానికి గుంట పోకముందే పట్టీ దూరింది. కుడిదీ ముందుదీ మరకతో సరిపెట్టుకున్నాయి. ఇదంతా పోత ఇనుము సిలిండర్ల మాట. అల్యూమినియంది అయితే పై పొర గట్టిపరిచి ఉంటుంది, హోను పెడితే ఆ పొర పోతుంది. దాన్ని శుభ్రం చేయాలి, లేదా మార్చాలి, మధ్య దారి లేదు.

జె.సి.రోడ్డులో ఒక కొత్త సిలిండరు, రెండు కిట్లు తెచ్చాం. కౌంటరు దగ్గర ‘వాచర్’ అని అడిగితే రబ్బరుది ఏదైనా ఇచ్చేస్తారు. సిలిండరు మీద అచ్చేసిన బోరు సైజు రాసుకుపోయి, ‘వీల్ సిలిండర్ కిట్, పందొమ్మిది పాయింట్ సున్నా అయిదు’ అని అడగడం మంచిది. అది ముప్పావు అంగుళం. 17.46, అంటే అంగుళంలో పదహారింట పదకొండు వంతులు, పక్కన పెడితే కంటికి తేడా తెలియదు.

కొన్న కప్పును బిగించకముందు ఒక పరీక్ష చేశాం. రెండు కిట్లలోంచి ఒక్కో కప్పు తీసి, పెదవి వ్యాసం వెర్నియర్‌తో కొలిచి, గాజు సీసాలో ఫ్లూయిడ్ పోసి రాత్రంతా నానబెట్టాం. పొద్దున ఒకటి దాదాపు అలాగే ఉంది. రెండోది 1.4 మి.మీ. ఉబ్బి, వేలితో నొక్కితే పాత చెప్పు అట్టలా మెత్తగా ఉంది. అదే బిగించి ఉంటే వారంలో పిస్టన్ పట్టేసి బ్రేకు వదలకుండా ఉండిపోయేది. ఇచ్చిన కొట్టుకే తిరిగి పట్టుకెళ్తే మారు మాట లేకుండా వేరే కిట్ ఇచ్చారు. దాన్నీ నానబెట్టాకే బిగించాం. దీనివల్ల ఒక రోజు పోయింది.

కప్పు పెదవి ఎప్పుడూ ఫ్లూయిడ్ వైపు చూడాలి. లోపలి స్ప్రింగు రెండు కప్పులనూ బయటికి నెట్టి పెదవులను బోరుకి ఆనించి ఉంచుతుంది. చాలా చోట్ల ఆ స్ప్రింగు చిన్నది కదా అని పారేస్తుంటారు. అది లేకపోతే పెడల్ వదిలిన క్షణంలో పెదవి పక్క నుంచి గాలి లోపలికి దూరుతుంది, బయటికి చుక్క కూడా కారదు. లీకు లేకుండా గాలి ఎక్కడి నుంచి వస్తోందో తెలియక తల పట్టుకునేది అప్పుడే.

5వ రోజు: మాస్టర్

ఇది టాండెమ్, ఒకే బోరులో రెండు పిస్టన్లు. ముందుగా మాస్టర్ బాడీ మీద ఉన్న చిన్న స్టాపర్ స్క్రూ తీయాలి. దాన్ని మరిచి సర్‌క్లిప్ ఒక్కటే తీసి రెండో పిస్టన్‌ని లాగితే రాదు, గాలి కొట్టి రప్పిస్తే గీత పడుతుంది.

బోరు బాగుంది. మొదటి కప్పు పెదవి మాత్రం ఒక చోట ఎలుక కొరికినట్టు ఉంది. ఫ్లూయిడ్ డబ్బాలోంచి బోరులోకి ఒక సన్న రంధ్రం ఉంటుంది. పెడల్ పూర్తిగా వదిలినప్పుడే అది తెరుచుకుంటుంది, వేడికి వ్యాకోచించిన ఫ్లూయిడ్ అందులోంచే డబ్బాలోకి తిరిగి పోతుంది. రంధ్రం అంచు పదునుగా ఉంటే కప్పు దాన్ని దాటిన ప్రతిసారీ చీలుతుంది. రంధ్రంలో మడ్డి కూడా ఉంది. కరెంటు వైరులోంచి ఒక్క పోగు తీసి దూర్చి శుభ్రం చేశాం. డ్రిల్లు బిట్టుతో పెద్దది చేయకూడదు.

పాత బండి బ్లీడింగ్‌లో ఒక చెడ్డ అలవాటు ఉంది, పెడల్‌ని నేలకి కొట్టడం. రోజూ సగం మేరే తిరిగిన పిస్టన్ ఒక్కసారిగా అవతలి సగంలోకి, మడ్డి పేరుకున్న చోటికి పోతుంది, కప్పు అక్కడే చిరుగుతుంది. పాత మాస్టర్‌తో బ్లీడింగ్ చేసేటప్పుడు పెడల్ కింద చెక్క ముక్క పెట్టుకోవాలి.

‘ఇంకా పెద్ద మాస్టర్ వేయకూడదా, బ్రేకు గట్టిగా పడుతుంది కదా’ అనేది ప్రతి షెడ్డులో వినే మాట. లెక్క తిరగబడుతుంది. ఈ బండి పెడల్ నిష్పత్తి కొలిస్తే 4:1 వచ్చింది. కాలితో 30 కిలోల బలం వేస్తే పుష్‌రాడ్డు (పెడల్ నుంచి మాస్టర్ పిస్టన్‌ని నెట్టే కడ్డీ) మీద 120 కిలోలు. 19.05 మి.మీ. బోరు వైశాల్యం 2.85 చదరపు సెం.మీ., ప్రెషరు సుమారు 42 కిలోలు చదరపు సెం.మీ.కి. 22.2 మి.మీ. మాస్టర్ వేస్తే వైశాల్యం 3.87, ప్రెషరు 31కి పడిపోతుంది. పెడల్ తక్కువ దిగుతుంది, రాయిలా తగులుతుంది, కాలికి బాగుందనిపిస్తుంది, బండి మాత్రం ఆలస్యంగా ఆగుతుంది. పెడల్ గట్టిదనం వేరు, బ్రేకు బలం వేరు.

ముందు చక్రానికి డిస్కు వేయించే ఆలోచన కూడా కాగితం మీద చూసి పక్కన పెట్టాం. ముందుది ఒకే చక్రం, ప్యాసింజర్ల బరువంతా వెనక. మలుపులో ముందు చక్రం పట్టేస్తే హ్యాండిల్ చేతిలో ఉండదు, బండి పక్కకి ఒరుగుతుంది. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన నిర్మాణాన్ని సొంతంగా మార్చడానికి వీల్లేదు, ఎఫ్‌సీలో ఆపేస్తారు. అప్‌గ్రేడ్ అన్నది ఫ్లూయిడ్‌లోనూ పైపుల్లోనూ చేసుకున్నాం.

6వ రోజు: పైపులు, హోజులు

పైపు పైకి బాగానే ఉంది. క్లిప్పు విప్పితే కింద పొలుసులు. ఫ్లోరు కింద క్లిప్పు దగ్గర బురద తడి ఆరదు, అందుకే ముందు అక్కడే తింటుంది. వాన పడితే మన అండర్‌పాసులన్నీ చెరువులే కదా, హబ్బు మునిగేదాకా నీళ్లలో నడిచిన బండికి క్లిప్పులన్నీ విప్పి చూడాల్సిందే. వెనకకు పోయే పొడవాటి పైపు మార్చాం. 4.75 మి.మీ., అంటే అంగుళంలో పదహారింట మూడు వంతులు, రాగి-నికెలు మిశ్రమం పైపు. తుప్పు పట్టదు, చేత్తో వంగుతుంది. వట్టి రాగి పైపు దొరుకుతుంది, ఫ్రిజ్ పనికి వాడేది. అది కుదుపులకి పగులుతుంది, బ్రేకుకి వాడకూడదు.

పైపు కొస గరాటు రకమైతే డబుల్ ఫ్లేర్ (కొసను విప్పార్చి రెండు మడతలుగా వేయడం) వేయాలి. ఒక మడత ఫ్లేరు బిగించేటప్పుడే చీలుతుంది. పాత కొస ఏ ఆకారంలో ఉందో, గరాటులా ఉందో బుడగలా ఉందో చూసి అదే వేయాలి, ఒకదాని సీటులో ఇంకోటి కూర్చోదు. ఎస్.జె.పి.రోడ్డులో దొరికే ఫ్లేరింగ్ టూల్ సెట్టు చాలు. ముక్క మీద మూడు సార్లు వేసి చేయి కుదిరాకే అసలు పైపు పట్టాం. అయినా మొదటి కొస అద్దంలా వచ్చాక చూస్తే నట్టు ఎక్కించడం మరిచిపోయాం. కోసి మళ్లీ వేశాం, పైపు 12 మి.మీ. తగ్గింది. అందుకే పొడవు కొంచెం ఎక్కువ పెట్టుకోవాలి.

హోజులు మూడూ కొత్తవే. ముందు హోజును పెడల్ తొక్కుతూ వేళ్ల మధ్య పట్టుకుంటే ఉబ్బడం తెలిసేది. వెనక కుడిది పైకి బాగుంది కానీ కోసి చూస్తే లోపలి రబ్బరు పొర లేచి నాలుకలా వేలాడుతోంది. ఇలాంటిది తొక్కితే దారి ఇస్తుంది, వదిలితే మూసుకుంటుంది. కొత్త హోజు మీద పొడవునా ఒక గీత ఉంటుంది. బిగించాక ఆ గీత తిన్నగా ఉంటే మెలి లేనట్టు. హ్యాండిల్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పి హోజు దేనికీ రాసుకోవడం లేదని చూశాం. రాగి వాషర్లు కొత్తవే వేయాలి, పాతవి ఒకసారి అణిగిపోయాక మళ్లీ సీలు కావు.

7వ రోజు: కూర్పు, గాలి తీయడం

షూలకి చాక్ పరీక్ష. డ్రమ్ము లోపల చాక్ రుద్ది, షూను ఆనించి అటూ ఇటూ కదిపితే ఎక్కడ తగులుతోందో తెల్లగా పడుతుంది. డ్రమ్ము స్కిమ్మింగ్ అయ్యాక షూ నడిమధ్యలో మాత్రమే తగలడం మామూలే, అరిగేకొద్దీ సర్దుకుంటుంది. రెండు కొసలే తగులుతుంటే అలా వదలకూడదు. బ్రేకు పట్టేసి కీచుమంటుంది. మాది మధ్యలో సగం మేర తగిలింది. లైనింగు రెండు కొసలకీ ఆకురాయితో చిన్న వాలు తీశాం. షూ రాసుకునే ఆరు ఆనుడు చోట్లా వేడికి తట్టుకునే గ్రీజు, ఒక్కో చోట కందిగింజంత. అంతకంటే ఎక్కువైతే లైనింగు మీదికి వస్తుంది. హబ్బు ఆయిల్ సీళ్లు రెండూ కొత్తవి. నడి నట్టు బిగించాక స్ప్లిట్ పిన్ రంధ్రం కలవకపోతే ఇంకాస్త బిగించి కలపాలి, వెనక్కి తిప్పి కలపకూడదు.

ఫ్లూయిడ్ డాట్ 4. కొత్తదాని మరుగు స్థాయి కనీసం 230 డిగ్రీలు, డాట్ 3ది 205. సుమారు 3.7 శాతం నీరు చేరాక అవి 155కీ 140కీ పడిపోతాయి. దిగుడు దిగాక పెడల్ మెత్తబడిందంటే పాత ఫ్లూయిడ్ వేడికి ఆవిరైందనే. ఆవిరి నలుగుతుంది, ద్రవం నలగదు. డాట్ 3 ఉన్న బండిలో డాట్ 4 పోయవచ్చు. సిలికాన్ రకమైన డాట్ 5 మాత్రం వీటితో కలవదు. సీసా మూత తీసి వదిలేయకూడదు, సగం వాడి అటక మీద పెట్టిన సీసా వచ్చే ఏడాది కొత్తది కాదు. పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి, తుడిస్తే చాలదు.

మాస్టర్‌ని ముందు వైస్‌లో పట్టి బల్ల మీదే గాలి తీసి బిగించాం. తర్వాత దూరం నుంచి దగ్గరికి: వెనక ఎడమ, వెనక కుడి, ముందు. పారదర్శక గొట్టం ఒక కొస నిప్పల్‌కి, రెండోది సీసాలోని ఫ్లూయిడ్‌లో మునిగేలా. ఒకరు పెడల్ మీద, ఒకరు నిప్పల్ దగ్గర. ‘తొక్కి పట్టు’, వదులు చెయ్యి, మూసెయ్యి, ‘వదులన్నా’. మూయకముందు పెడల్ వదిలితే చేసిందంతా వెనక్కి.

కుడిదీ ముందుదీ పదేసి తొక్కులకి బుడగలు ఆగాయి. ఎడమది నలభై దాటినా పెడల్ మెత్తగానే ఉంది, గొట్టంలో మాత్రం బుడగ లేదు. 500 మి.లీ. సీసా ఒకటి ఖాళీ అయిపోయింది. వంగి చూస్తే నిప్పల్ సిలిండరుకి కింద ఉంది, పైపు నట్టు పైన ఉంది. తెచ్చిన కొత్త సిలిండరు కుడి వైపుది. రెండు వైపులవీ బోల్టు రంధ్రాలు కలుస్తాయి, బిగుసుకుంటాయి, కానీ గాలి పైన ఇరుక్కుని కింది నిప్పల్ నుంచి రానే రాదు. పాత సిలిండరు పక్కన పెట్టి పోల్చకుండా కొన్నందుకు సగం రోజు. వైపు సరైనది వేశాక ఎనిమిది తొక్కుల్లో తేలిపోయింది.

8వ రోజు: సర్దుబాటు, వేడెక్కిన డ్రమ్ము

క్రమం తప్పకూడదు. ముందు హ్యాండ్ బ్రేకు కేబులు పూర్తిగా వదులు చేయాలి. తర్వాత ఒక్కో చక్రాన్నీ చేత్తో తిప్పుతూ అడ్జస్టర్‌ని చక్రం ఆగేదాకా బిగించి, మధ్యలో రెండు సార్లు పెడల్ తొక్కి షూలు సెంటర్ అయ్యేలా చూసి, చక్రం సన్నగా రాసుకుంటూ తిరిగేదాకా వెనక్కి తీయాలి. చివర్లో హ్యాండ్ బ్రేకు కేబులు. దాన్ని ముందే లాగి పెడితే షూలు తెరుచుకునే ఉంటాయి, ఆ మీద చేసే సర్దుబాటంతా అబద్ధం.

పుష్‌రాడ్డుకీ పిస్టన్‌కీ మధ్య 1 మి.మీ. సందు పెట్టాం. 4:1 లెక్కన పెడల్ దగ్గర 4 మి.మీ. వదులు కనిపించాలి. మొదటి తొక్కు 38 మి.మీ. దగ్గర గట్టిగా ఆగింది. నిమిషం అదిమిపెడితే కదల్లేదు.

నాలుగు కిలోమీటర్లు తిప్పి వచ్చేసరికి వెనక రెండు డ్రమ్ముల మీదా నీటి చుక్క వేస్తే చుర్రుమంది. ముందుది కూడా వేడిగా ఉంది. చక్రాలు చేత్తో తిరగడం లేదు. ఇలాంటప్పుడు షూల మీద పడకుండా ఒక నిప్పల్ కాస్త వదులు చేసి చూడాలి. చక్రం వదిలితే లైన్లో ప్రెషరు చిక్కుకుంది, వదలకపోతే తప్పు కేబులులోనో షూలోనో ఉంది. చిటికెడు ఫ్లూయిడ్ చిమ్మి చక్రం వదిలింది. తర్వాత మాస్టర్ దగ్గరి నట్టు వదులు చేసినా మిగతా చక్రాలు వదిలాయి కాబట్టి హోజుల తప్పు కాదు, మాస్టరే వెనక్కి పూర్తిగా రావడం లేదు. చూస్తే పుష్‌రాడ్డు లాక్ నట్టు బిగించేటప్పుడు రాడ్డు కూడా తనతో తిరిగి ఆ 1 మి.మీ. మింగేసింది. సన్న రంధ్రం మూసుకుంది, వేడెక్కిన ఫ్లూయిడ్‌కి డబ్బాలోకి దారి లేదు. రాడ్డుని ఒక స్పానర్‌తో పట్టి, నట్టుని ఇంకో దానితో బిగించి, సందును మళ్లీ కొలిచాం. కొలత ఎప్పుడూ బిగించాకే చూడాలి.

9వ రోజు: ట్రయల్

కొత్త లైనింగు పట్టు చూపించడానికి కొంత అరగాలి. ఖాళీ రోడ్డు మీద 30 కి.మీ. వేగం నుంచి మధ్యరకంగా తొక్కి 5కి తెచ్చి, అర కిలోమీటరు చల్లారనిచ్చి, ఇలా ఇరవై సార్లు. ఆపేసి తొక్కిపట్టి ఉంచకూడదు, వేడి డ్రమ్ము మీద లైనింగు ముద్ర పడుతుంది.

తర్వాత వెనక సీటులో 50 కిలోల ఇసుక బస్తాలు మూడు వేసి, 30 వేగంలో సుద్ద గీత దగ్గర తొక్కాం. మూడు సార్లు కొలిస్తే 8.1, 7.8, 7.9 మీటర్లలో ఆగింది. 30 కి.మీ. అంటే సెకనుకి 8.33 మీటర్లు, 7.9 మీటర్లలో ఆగడమంటే సెకను సెకనుకీ 4.4 మీటర్ల తగ్గుదల. హ్యాండిల్ మీద చేతులు తేలికగా ఉంచి చూసినా ఎడమకి లాగలేదు.

హనుమంతనగర్ దిగుడులో అదే బరువుతో నాలుగు సార్లు ఎక్కి దిగాం. నాలుగోసారి దిగాక పెడల్ 38 నుంచి 41కి వచ్చింది, చల్లారాక మళ్లీ 38. డ్రమ్ము వేడికి కాస్త వ్యాకోచించడం మామూలే. మెత్తదనం మాత్రం లేదు. ఆ తర్వాత వాన నీళ్లలో రెండు సార్లు నడిపించి చూశాం. తడిసిన వెంటనే మొదటి తొక్కు సగం పట్టే ఇచ్చింది. అలాంటప్పుడు యాక్సిలరేటరు వదలకుండా ఎడమ పాదం నేల మీదే ఉంచి, కుడి పాదంతో పెడల్‌ని తేలికగా ఆనించి యాభై అరవై మీటర్లు పోతే లైనింగు ఆరుతుంది.

24వ రోజు: 400 కిలోమీటర్ల తర్వాత

పెడల్ 44. కొత్త లైనింగు డ్రమ్ముకి సర్దుకున్నాక ఆ మాత్రం దిగుతుంది. వెనక రెండు అడ్జస్టర్లూ మళ్లీ సర్దితే 37కి వచ్చింది. డబ్బాలో ఫ్లూయిడ్ 3 మి.మీ. తగ్గింది, వీల్ సిలిండర్ల దుమ్ము టోపీలు ఎత్తి చూస్తే లోపల పొడిగా ఉంది, అంటే అక్కడ కారలేదు. పైన నింపలేదు. కుడి డ్రమ్ము విప్పి చూశాం, కొత్త సీలు దగ్గర గ్రీజు జాడ లేదు. షూ మీద తగిలిన మేర సగం నుంచి ముప్పావుకి పెరిగింది. ముందు నిప్పల్ మీది రబ్బరు టోపీ ఎక్కడో పడిపోయింది, ఇంకోటి వేశాం. ఫ్లూయిడ్ మార్చాల్సిన నెల, రెండేళ్ల తర్వాతది, డబ్బా పక్కన తెల్ల పెయింటుతో రాసి బండి ఇచ్చేశాం.